అక్షరదోషాలూ - మనిషి విలువా

1

నేను ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఏటా వందలకొద్దీ జవాబు పత్రాలు దిద్దుతాను. ఎర్రసిరా కలం చేతికి రాగానే నాలోని సాహిత్య విద్యార్థి పక్కకు తప్పుకుంటాడనీ, ఆ స్థానంలో ఒక జప్తు అమీనా వచ్చి కూర్చుంటాడనీ చాలాకాలం నాకు తెలియలేదు. తెలియజెప్పినవాడు మా రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు.

నేను కృష్ణాతీరంలో పుట్టి పెరిగినవాణ్ణి; ఉద్యోగం పాలమూరు వైపు. ఆ విద్యార్థి గొర్రెలు కాచుకునే ఇంటినుంచి వచ్చాడు. ఆ ఇంట్లో కళాశాల గడప తొక్కినవాళ్ళలో అతనే మొదటివాడు. గురజాడ సంస్కరణ దృష్టి గురించి నేనిచ్చిన ప్రశ్నకు అతను రాసిన జవాబులో ఒక మంచి ఆలోచన వుంది. కన్యాశుల్కం నాటకంలో పిల్లను అమ్ముకునే తండ్రికంటే, ఆ అమ్మకాన్ని సంతలో పశువుల బేరంలా మామూలుగా చూస్తూ కూర్చున్న లోకానిదే పెద్ద తప్పు అని అతని వాదం. ఇది ఏ గైడులోనూ లేదు. కాని అతను భాషను ‘బాష’ అనీ, సంఘాన్ని ‘సంగం’ అనీ, విధవను ‘విదవ’ అనీ రాశాడు. 31 చోట్ల ఎర్రగీతలు గీసి పదికి మూడు మార్కులు వేశాను. అదే కట్టలో మరొక పత్రం వుంది. గైడులోని వాక్యాలను పొల్లు పోకుండా అప్పజెప్పిన పత్రం అది. ఆలోచన లేదు, అక్షరదోషమూ లేదు. దానికి ఏడు వేశాను.

పత్రాలు తిరిగి ఇచ్చిన రోజు అతను నిలబడి అడిగాడు: “సార్, నేను చెప్పిన ముచ్చట తప్పా, రాసిన రాత తప్పా?”

‘ముచ్చట’ అన్నందుకు నాకు లోలోపల నవ్వు వచ్చింది. “రెండూ ఒకటే” అన్నాను. తరగతి నవ్వింది. అతను కూర్చున్నాడు.

ఆ జవాబు ఎంత అబద్ధమో ఇంటికి వెళ్ళాక గాని తోచలేదు. పైగా ఇది ఒక్క విద్యార్థితో పోయే వ్యవహారం కాదు. ఒక కార్మిక సంఘం పంచిన కరపత్రంలో నాలుగు అక్షరదోషాలు కనబడితే, ఆ సంఘమే బాధ్యత లేనిదని తేల్చేస్తాం. ఒక గూడెంవాళ్ళు పెట్టుకున్న అర్జీలో విభక్తులు కుదరకపోతే, వాళ్ళ కష్టంలోనే పస లేదనుకుంటాం. రాతలోని తప్పు రాసినవాడి బుద్ధికీ, అతని నడతకూ, చివరికి అతని కులానికీ ఊరికీ కొలబద్ద అవుతోంది. ఈ కొలబద్ద ఎవరు తయారుచేశారు? ఎప్పుడు తయారుచేశారు? మన భాషా చరిత్రలోనే దీనికి సమాధానం వెతకాలి.

2

రెండు అక్షరాలతో మొదలుపెడదాం. ఒకటి అరసున్న. రెండోది శకటరేఫం, అంటే బండిర. నేటి విద్యార్థుల్లో చాలామందికి ఇవి పాత పుస్తకాల్లో కనిపించే వింత గుర్తులు మాత్రమే. కాని ఒకప్పుడు పండితుణ్ణీ పామరుణ్ణీ వేరుచేసిన గీటురాళ్ళు ఇవే.

వీటికి పుట్టుకలో అర్థం లేకపోలేదు. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే ఆరు తర్వాతి సంఖ్య. ‘అఱుగు’ అంటే జీర్ణమవడం, ‘అరుగు’ అంటే వెళ్ళడం. ఒకనాడు నోటిలో వున్న ధ్వనిభేదాన్నే రాత పట్టుకున్నది. అయితే నోరు మారింది. అరసున్న పలుకుబడి జారిపోయింది. రెండు రేఫలూ ఒకటైపోయాయి. అప్పుడు ఛందోలాక్షణికులు ఏ మాటలో ఏ రేఫ వుంటుందో చెప్పే పట్టికలు తయారుచేయవలసి వచ్చింది. ఇక్కడే అసలు రహస్యం వుంది. పలికే తేడాకు పట్టిక అక్కరలేదు. ‘పాలు’కూ ‘పాలెం’కూ తేడా తెలుసుకోవడానికి ఎవడూ నిఘంటువు తిరగెయ్యడు. పట్టిక అవసరమైందంటేనే ఆ భేదం నాలుకను వదిలి పుస్తకంలోకి పోయిందని అర్థం. నాలుక మీద వున్నంతకాలం అది అందరి సొత్తు. పుస్తకంలోకి పోయాక పుస్తకం వున్నవాడి సొత్తు.

అంటే, బండిర ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు ఎక్కువ తెలుగు తెలిసినవాడని కాదు. కంఠస్థం చేయడానికి తీరికా, చెప్పడానికి గురువూ వున్నవాడని మాత్రమే. నాగలి పట్టిన చేతికి ఆ తీరిక లేదు. పంచముడి బిడ్డకు ఆ గురువు దొరకడు. ఉత్పత్తి శ్రమ నుంచి విముక్తి పొందిన వర్గానికి వున్న వెసులుబాటే భాషాజ్ఞానం పేరుతో చెలామణి అయింది.

3

తెలుగు వ్యాకరణాలన్నింటిలోనూ మన చదువులను ఎక్కువ కాలం శాసించినది పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం. అది 1858లో వెలువడింది. అంతకు ఐదేళ్ళ ముందు, 1853లో, ఆయన నీతిచంద్రిక వచ్చింది. ఒకటి నియమం, రెండోది నమూనా. మద్రాసులో కొత్త చదువులు, పరీక్షలు, అచ్చుయంత్రాలు స్థిరపడుతున్న కాలం అది. పరీక్ష పెట్టేవాడికి కొలవడానికి ఒక గజంబద్ద కావాలి. సూరి వ్యాకరణం ఆ పనికి సరిగ్గా అమరింది. కవుల ప్రయోగాలను ఆధారం చేసుకుని కట్టిన శాస్త్రం బడిపిల్లల వచనానికి చట్టమైంది.

సూరి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంత క్లుప్తంగా, అంత పొందికగా మన భాషాలక్షణాన్ని చెప్పినవాళ్ళు అరుదు. ఆయన అగ్రహారంలో పుట్టినవాడూ కాదు. చాత్తాద వైష్ణవ కుటుంబంలో పుట్టి, బ్రాహ్మణ పండితుల లోకంలో తన స్థానాన్ని విద్యతోనే సంపాదించుకున్నవాడు. నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకోవలసిన అవసరం ఒక్కొక్కప్పుడు బయటినుంచి లోపలికి వచ్చినవాడికే ఎక్కువ వుంటుంది. ఈ సంగతి మరచి, వ్యాకరణం కేవలం పుట్టుకతో పెద్దలైనవాళ్ళ కుట్ర అనేస్తే చరిత్రను సులువు చేసుకున్నట్టవుతుంది.

అయినా ఆ శాస్త్రంలో మనం ఆగి చూడవలసిన చోట్లు రెండు వున్నాయి.

మొదటిది గ్రామ్యం అనే మాట. లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యమన్నారు. అది ప్రయోగానికి తగదన్నారు. గ్రామ్యమంటే గ్రామానికి చెందినది. గ్రామానికి చెందడమే తప్పుకు పేరైంది! ఆ పక్కనే, ఆర్యుల వ్యవహారంలో కనబడినది గ్రహించవచ్చునని మినహాయింపు కూడా వుంది. అంటే నియమం దాటినవాడు పెద్దవాడైతే అది ప్రయోగం, చిన్నవాడైతే అది దోషం. తప్పును మాట నిర్ణయించలేదు, మాట్లాడినవాడు నిర్ణయించాడు.

రెండోది వర్ణాల లెక్క. సంస్కృతానికి 50, తెలుగుకు 36 అని సూరే లెక్క చెప్పాడు. ఆ 36లో ఒత్తక్షరాలు లేవు. ఖ, ఘ, భ, ధ వంటివి సంస్కృతంతో పాటు వచ్చినవి. అచ్చతెలుగు నోటికి అవి సహజం కావు. అందుకే భాష ‘బాస’ అయింది, ముఖం ‘మొగం’ అయింది, సంధ్య ‘సందె’ అయింది, భిక్ష ‘బిచ్చం’ అయింది, యాత్ర ‘జాతర’ అయింది. వీటికి వ్యాకరణం తద్భవాలని గౌరవప్రదమైన పేరు పెట్టింది. కవులు వీటిని ముద్దుగా వాడుకున్నారు. మేము వీటిని తరగతిలో ‘ప్రకృతి - వికృతి’ శీర్షిక కింద చెప్పి, పరీక్షలో అడిగి, రాసినవాడికి మార్కులు వేస్తాం.

మరి వెయ్యేళ్ళ కిందట భాషను ‘బాస’ అన్న నోరూ, నిన్న దాన్ని ‘బాష’ అని రాసిన చెయ్యీ చేసిన పని ఒకటే కదా! ఇద్దరూ ఒత్తును తీసేశారు. మొదటిదాన్ని జనం అంతా అన్నారు, కాలం ఒప్పుకున్నది, కవి వాడాడు, కనుక అది తద్భవం. రెండోది ఒక గొర్రెల కాపరి కొడుకు ఒంటరిగా పరీక్ష హాల్లో రాశాడు, కనుక అది తప్పు. తద్భవమంటే గెలిచిన తప్పు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం వుంటే నా ఎర్రగీతలు కొంచెం వణికి వుండేవి.

ఇంకొక సంగతి కూడా గమనార్హం. ‘అర్థం’, ‘అర్ధం’ రెండు వేరు మాటలు. మొదటిదానికి తాత్పర్యం, ధనం, రెండోదానికి సగం. ‘అర్ధమైంది’ అని రాసే పట్టభద్రులు మనలో కొల్లలు. ‘విద్యార్ధి’ అని గోడమీద రంగులతో రాయించే విద్యావంతులూ వున్నారు. వాళ్ళ సంస్కారాన్ని ఎవరూ శంకించరు. అది చేతిపొరపాటు. అదే చెయ్యి కాయకష్టం చేసేదైతే ఆ పొరపాటు అజ్ఞానం. వ్యాకరణం ఇద్దరికీ ఒకటే. క్షమాపణ మాత్రం ఒకటి కాదు.

4

ఈ కొలబద్దను మొట్టమొదట చేతిలోకి తీసుకుని తిప్పి చూసినవాడు గిడుగు రామమూర్తి. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు అనే ఇంగ్లీషు ఉద్యోగికి, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరం ఎందుకని సందేహం కలిగింది. ఆ సందేహం గిడుగునూ, గురజాడ అప్పారావునూ, విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలుగా వున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ ఒకచోటికి చేర్చింది. రెండోవైపు జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో పండితులు కూడారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. వివాదం కేంద్రీకరించింది కావ్యాల మీద కాదు, పరీక్షల మీద. స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసాన్ని ఏ భాషలో రాయాలి? రాసిన దాన్ని ఏ లెక్కన దిద్దాలి? మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో మెజారిటీకి ఎదురునిలిచి గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాశాడు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు.

గ్రాంథికవాదుల వాదంలో బలం లేదనడం సరికాదు. వాడుక భాష జిల్లాకొక తీరు, కులానికొక తీరు. ఏది ప్రమాణమో ఎవరు చెప్పాలి? గ్రాంథికమైతే గంజాం నుంచి చిత్తూరు దాకా ఒకటే కదా అన్నారు. ప్రశ్న సరైనదే. కాని వాళ్ళ సమాధానమే అసలు మోసం. ఎవరి నోటా లేని భాష అందరికీ సమానమన్నారు. సమానంగా దూరమైనది సమానంగా అందుతుందా? ఇంట్లో పంచకావ్యాల పుస్తకాలున్న పిల్లవాడికీ, ఇంట్లో దీపంలేని పిల్లవాడికీ దూరం ఒకటే ఎలా అవుతుంది?

గిడుగు పట్టిన మార్గం ఇంకా తెలివైనది. గ్రాంథికమే రాయాలన్నవాళ్ళ గ్రాంథికాన్నే ఆయన దిద్దాడు. వాళ్ళ రచనల్లోని వ్యాకరణ దోషాలను ఏరి, పేర్లతో సహా ముందు పెట్టాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే గ్రంథం ఆ పనే చేసింది. శాసించేవాళ్ళే పాటించలేని శాసనం పిల్లల మీద ఎందుకని ఆ పుస్తకం సారాంశం. పండితుడి తప్పు అచ్చులో మర్యాదగా దాగి వుండగా, పిల్లవాడి తప్పు మాత్రమే బెత్తం దెబ్బలు తిన్నది. గ్రాంథికంలో ఎన్నో గ్రంథాలు రాసిన కందుకూరి వీరేశలింగం కూడా 1919లో, తన జీవితపు చివరి నెలల్లో, వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడు కావడానికి ఒప్పుకున్నాడు.

గిడుగుకు ఈ చూపు ఎక్కడినుంచి వచ్చింది? నా మటుకు నాకు పర్లాకిమిడి చుట్టూ వున్న సవర కొండలే దీనికి జవాబు. అక్కడి రాజావారి పాఠశాలలో ఆయన చరిత్ర పంతులు. మైదానంవాళ్ళ దృష్టిలో సవరలకు భాషే లేదు, వుంటే దానికి వ్యాకరణం లేదు. గిడుగు ఆ భాష తెలిసినవాణ్ణి ఇంట్లో వుంచుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకు బడులు పెట్టించాడు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించాడు. లిపి లేని జనం నోట కూడా లింగవచనాలు, కాలాలు, క్రమం తప్పని నియమాలు వున్నాయని స్వయంగా కనుగొన్నవాడు, నిరక్షరాస్యుడైన తెలుగు రైతుకు వ్యాకరణం లేదంటే ఎలా నమ్ముతాడు? వ్యాకరణం లేని మనిషి లేడు. వ్యాకరణం రాసిపెట్టుకోని మనుషులే వున్నారు.

5

ఇది మన ఒక్కరి కథ కాదు. జారు చక్రవర్తుల కాలపు రష్యాలో యాత్ అనే అక్షరం వుండేది. దాని పలుకుబడి మరొక అచ్చుతో కలిసిపోయి చాలాకాలమైంది. ఏ మాటల్లో యాత్ రాయాలో పిల్లలు జాబితాలు వల్లించేవాళ్ళు. మన బండిరకు అది అక్షరాలా తోబుట్టువు. రష్యన్ అకాడమీ భాషావేత్తలు 1904 నాటికే సంస్కరణకు పూనుకున్నారు, కాని అది అమలుకాలేదు. విప్లవం తర్వాత, 1917 డిసెంబరులోనూ 1918 అక్టోబరులోనూ వెలువడిన శాసనాలతో యాత్ పోయింది. మాట చివర పలకకుండా వేలాడే కఠిన చిహ్నమూ పోయింది. లక్షలాది శ్రామికులు అక్షరాలు దిద్దుకోవలసిన దేశానికి అది తక్షణావసరం. దేశం వదిలి పారిపోయినవాళ్ళ పత్రికలు మాత్రం ఎన్నో ఏళ్ళు యాత్‌ను పట్టుకునే వేలాడాయి. ఒక్క అక్షరాన్ని చూసి, ఆ పత్రిక ఏ శిబిరానిదో చెప్పగలిగేవాళ్ళు. అక్షరం ధ్వనికి గుర్తుగా మానేసి మనుషులకు గుర్తుగా మారడమంటే ఇదే.

మనకు శాసనం రాలేదు. అరసున్న, బండిర నెమ్మదిగా, పత్రికల్లోనూ అచ్చాఫీసుల్లోనూ జారిపోయాయి. అవి పోయినందుకు తెలుగు చచ్చిపోలేదు. ‘ఏడు’ అన్నప్పుడు సంవత్సరమో సంఖ్యో తెలియక ఏ రైతూ పంట నష్టపోలేదు. ఒక తరం ప్రాణసమానమనుకున్న ఒప్పు, మరొక తరానికి వింత గుర్తు. నేడు మనం ప్రాణసమానమనుకుంటున్న ఒప్పుల గతి ఏమిటో కూడా దీన్నిబట్టి వూహించుకోవచ్చు.

6

అయితే వ్యావహారికం గెలిచిందా? గెలిచింది. ఎవరి వ్యావహారికం? ఇక్కడ మన అభ్యుదయవాదులం కొంత ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. గిడుగు కోరినది శిష్ట వ్యావహారికం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటికే మన దారి వాడుక భాష. కాని ఆ ‘శిష్ట’ అనే విశేషణం ఆచరణలో కృష్ణా గోదావరి మండలాల చదువుకున్న కుటుంబాల పలుకుబడిగా స్థిరపడింది. గ్రామ్యమనే పాతముద్ర చెరిగి, దాని చోట యాస అనే కొత్తముద్ర పడింది.

తెలంగాణ అనుభవం చూడండి. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే తెలుగువాళ్ళు కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించి, 354 మంది కవులను చూపించాడు. అంటే మొదట తెలుగు అయినందుకు అవమానం, తర్వాత చాలినంత తెలుగు కానందుకు అవమానం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కూడా దశాబ్దాలపాటు సినిమాలు తెలంగాణ పలుకుబడిని రౌడీకో విదూషకుడికో అంటగట్టాయి. ‘ముచ్చట’ అంటే మా వైపు ముద్దు, సరదా. ఇక్కడ విషయం, సంగతి. ఆ విద్యార్థి మాట విని నాకు వచ్చిన నవ్వు నా సొంత నవ్వు కాదని ఇప్పుడు తెలుస్తోంది. అది నాకు సంక్రమించిన ఆస్తి. 2014లో ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినమైంది. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషాదినం జరుపుకుంటూనే వున్నాం. ఈ రెండు పండుగలకూ మధ్య పదకొండు రోజులే ఎడం. ఆ ఎడంలో నూరేళ్ళ చరిత్ర వుంది.

“అలా అయితే ఒప్పు నేర్చుకుంటే గౌరవం దానంతట అదే వస్తుంది కదా” అనేవాళ్ళకు జాషువా జీవితమే సమాధానం. ఛందస్సు, వ్యాకరణం, సమాసం అన్నీ ఆయన చెప్పినట్టు విన్నాయి. 1941లో గబ్బిలం రాసేనాటికి పద్యవిద్యలో ఆయనకు దీటైనవాళ్ళు కొద్దిమంది. అయినా కులం అడిగి లేచిపోయినవాళ్ళను ఆయన పద్యం ఆపలేకపోయింది. తప్పు రాస్తే కులానికి ఆపాదిస్తారు. ఒప్పు రాసినా కులాన్ని మరవరు. కనుక ఇది అక్షరాల తగాదా కాదు. అక్షరం ఒక సాకు.

7

మరి నియమాలన్నీ తీసి గోదాట్లో కలిపేద్దామా? అది తొందరపాటు. భాష ఉపరితలం కాదనీ, ఒక వర్గపు సొత్తు కాదనీ, కాని వర్గాలు దాన్ని తమకు అనుకూలంగా వాడుకోజూస్తాయనీ 1950లో ప్రవ్దా పత్రికలో స్టాలిన్ రాసినది గుర్తుచేసుకోవాలి. సార్డీనియా ద్వీపపు పేదరికం నుంచి వచ్చి, టూరిన్‌లో భాషాశాస్త్రం చదివిన గ్రాంషీ 1935లో వ్యాకరణం గురించి రాశాడు. బడిలో వ్యాకరణం చెప్పడం మానేస్తే నష్టపోయేది ధనికుల పిల్లలు కాదు. వాళ్ళకు అది ఇంట్లోనే అబ్బుతుంది. పేదవాడికి బడి ఒక్కటే దారి అని ఆయన వాదన. ఎర్రసిరాను పారబోసి ‘ఎలా రాసినా ఫరవాలేదులే’ అన్న ఉపాధ్యాయుడు ఉదారుడు కాడు. తలుపు మూసి తాళం తనదగ్గరే పెట్టుకున్నవాడు.

చేయవలసినవి రెండు పనులు. వాటిని కలిపేయడమే నా తప్పు. ప్రామాణిక రూపాన్ని పనిముట్టుగా, ఓపికగా, అందరికీ నేర్పాలి. ఆ పనిముట్టు ఇంకా చేతికందనివాడి బుద్ధినీ, అతని జనాన్నీ దానితో తూచకూడదు. అంతేకాదు, నేర్చుకోవడం ఒక్క వైపునుంచే జరగకూడదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో, జిల్లాల రైతుల నోటినుంచే వ్యవసాయ పదాలను సేకరించింది. 1971లో నేతపనివాళ్ళ మాటలతో మరొక సంపుటం వచ్చింది. గ్రామ్యమని ఒకనాడు తోసేసినచోటే నిఘంటువు చెయ్యి చాపి నిలబడింది.

ఇప్పుడు నేను జవాబు పత్రాలు రెండుసార్లు చదువుతున్నాను. మొదటిసారి కలం మూత తీయను; చెప్పిన విషయానికి మార్కులు తేలాకే రెండోసారి అక్షరాల సంగతి. ఆ విద్యార్థిని పిలిచి, తరగతి అంతా వింటుండగానే చెప్పాను: నువ్వు చెప్పింది తప్పు కాదు, రాసిన దాంట్లో 31 చోట్ల దిద్దుకోవలసింది వుంది, నేర్పకుండా గీతలు గీసింది నేను. మూడును ఏడు చేశాను. రెండో పత్రం ఏడును నాలుగు చేయాలనిపించింది గాని, ఆ పిల్లవాడికి అలా రాయమని చెప్పిందీ మేమే కనుక చెయ్యి రాలేదు.

అతను పత్రం తీసుకుని అన్నాడు: “గా దినమే గీ ముచ్చట చెప్తే అయిపోతుండె గద సార్.”

ఈసారి నాకు నవ్వు రాలేదు.